రోజూ వచ్చేదే

జహీరాబాదులో మా చిన్నాయన డీటీపీ దుకాణం ఇప్పుడు లేదు. ఆ మడిగెలో ఇవాళ సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఇరవై ఏళ్ళ పాటు ఆయన కూర్చిన పెళ్ళి పత్రికలు, పేరంటాల పిలుపులు, పెద్దకర్మ కార్డులు, ఉర్సుల పోస్టర్లు, జాతర కరపత్రాలు ఒక్కటీ మిగల్లేదు. ఎట్లా పోయాయో ముందే చెప్పేస్తాను. వాటిని పోగొట్టింది నేను. మేలు చేద్దామని వెళ్ళి పోగొట్టాను. 2019 కనుమ నాడు మొదలై పదకొండు రోజుల్లో అంతా ముగిసింది. ఆ పదకొండు రోజుల్లో ఆగడానికి ఎన్ని చోట్లు ఉన్నాయో ఇప్పుడు లెక్కపెట్టగలను. అప్పుడు ఒక్కచోటా ఆగలేదు.

ఆ ఊరి సంగతి తెలియనివాళ్ళకు ఆ దుకాణం సంగతి అర్థం కాదు. హైదరాబాదు నుంచి ముంబై దారిలో వంద కిలోమీటర్లు పోతే జహీరాబాదు. కాస్త ముందుకు వెళ్తే కర్ణాటక. 1956లో రాష్ట్రాలను భాషల లెక్కన విడదీసేదాకా ఈ తాలూకా బీదరు జిల్లాలోదే. ఆ తరువాత మెదక్‌లో కలిసింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా అయింది. జిల్లాలు మారినా జనం నోళ్ళు మారలేదు. బజారులో ఉల్లిగడ్డ బేరం తెలుగులో మొదలై ఉర్దూలో నడిచి కన్నడంలో తెగుతుంది. చిన్నాయన మూడూ రాసేవాడు. తెలుగుకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు, ఉర్దూకు ఇన్‌పేజ్, కన్నడానికి నుడి. ఒక్క కుర్చీలో కూర్చుని పొద్దున శుభలేఖ, మధ్యాహ్నం షాదీ రుఖా, సాయంత్రం లగ్న పత్రికె దిద్దేవాడు. అమ్మాయి తరఫువాళ్ళది జహీరాబాదు, అబ్బాయి వాళ్ళది బీదరు అయితే ఒకే కార్డు మీద రెండు లిపులూ పక్కపక్కన పట్టించేవాడు. రెండు కుటుంబాలు మొదట కలుసుకునేది ఆ కాగితం మీదే అనేవాడు.

కంప్యూటరు రాకముందు ఆయన ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలను గడుల్లోంచి ఏరి, వరస పేర్చి, తిరగేసి చదివినవాడు. ప్రెస్సు మూతపడినప్పుడు ఆ అక్షరాలన్నీ కిలోల లెక్కన కరిగించడానికి పోయాయి. ఒక్క 'శ్రీ' మాత్రం జేబులో వేసుకొచ్చాడు. అది ఆయన బల్ల సొరుగులో, గుండుసూదుల డబ్బా పక్కన ఉండేది. అక్షరాలు పోవడం ఆయన ఒకసారి చూశాడు. రెండోసారి పోవని నమ్మాడు. కంప్యూటరులో ఉన్నదాన్ని ఎవరు కరిగిస్తారు?

ప్రతి కార్డు ఫైలునూ ఏడాది పేరుతో, ఊరి పేరుతో, ఇంటి పేరుతో దాచేవాడు. పన్నెండేళ్ళ కింద అక్కకు వేసిన కార్డు తెరిచి, తాతల పేర్లు అట్లే ఉంచి, చెల్లెలి కార్డుకు మ్యాటరు సిద్ధం చేసేవాడు. మధ్యలో ఏ తాతైనా కాలం చేసి ఉంటే పేరు ముందు 'కీ.శే.' చేర్చి, చేర్చే ముందు ఒక్క క్షణం ఆగేవాడు. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు వచ్చాక దరఖాస్తుకు జత చేయడానికి కార్డు కావాలని ఎందరో వచ్చేవాళ్ళు. పెళ్ళి అయిపోయింది, కార్డులన్నీ పంచేశాం, ఇంట్లో ఒక్కటీ లేదు అంటారు. చిన్నాయన దగ్గర ఎప్పుడూ ఉండేది.

ఆయన పొద్దున దుకాణం తెరిచే తీరు నాకు కళ్ళకు కట్టినట్టుంది. షట్టరు ఎత్తేవాడు. మెయిన్ వేసేవాడు. షార్ట్ సర్క్యూట్ భయంతో రోజూ రాత్రి మెయిన్ ఆపి వెళ్ళడం ఆయన అలవాటు. రెండు అగరొత్తులు వెలిగించి గల్లాపెట్టె దగ్గర గుచ్చేవాడు. కంప్యూటరు మీట నొక్కేవాడు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు వరసలు వచ్చి ఆగేవి: సీమాస్ చెక్‌సమ్ బ్యాడ్, డీఫాల్ట్స్ లోడెడ్, ఎఫ్ వన్ నొక్కు. ఎఫ్ వన్ నొక్కేవాడు. విండోస్ తెరుచుకునేది. కింద కుడి మూలన తేదీ 2011 జనవరి ఒకటి అని ఉండేది. దాని మీద రెండుసార్లు నొక్కి ఆ రోజు తేదీ, టైమూ పెట్టేవాడు. అగరొత్తి పొగ ఇంకా బల్ల మీదే తిరుగుతూ ఉండేది. ఆ తరువాత మొదటి ఫైలు తెరిచేవాడు. ఎన్నేళ్ళుగా అట్లా చేస్తున్నాడో ఆయనకే గుర్తు లేదు. ఎఫ్ వన్ మీటపై అక్షరం అరిగిపోయి నున్నగా అయింది.

మదరుబోర్డు మీద రూపాయి బిళ్ళ కన్నా కొంచెం తక్కువ వెడల్పుతో ఒక బ్యాటరీ ఉంటుంది. సీఆర్ 2032 అంటారు. వాచీ దుకాణంలో ముప్పై రూపాయలకు దొరుకుతుంది. కరెంటు లేనప్పుడు యంత్రానికి తేదీని, తన అమరికలను గుర్తుంచేది అదే. అది చచ్చిపోతే, మెయిన్ ఆపిన ప్రతిసారీ యంత్రం అన్నీ మరిచి, కర్మాగారంలో పుట్టిన రోజుకు వెళ్ళిపోతుంది. ఆ రెండు తెల్లటి వరసలు చెప్పింది ఇదే. నాకు జ్ఞాపకం నిలవడం లేదు, మొదటి అమరికలే పెట్టుకున్నాను అని ప్రతి పొద్దునా, దాచకుండా, మా చిన్నాయన ముఖం మీదే చెప్పింది.

ఆ ఏడు ఫిబ్రవరి మొదటి వారంలో మాఘం వస్తోంది. పుష్యంలో పెళ్ళిళ్ళు ఉండవు గానీ, మాఘం ముహూర్తాలకు కార్డులన్నీ పుష్యంలోనే పడాలి. సీజను నెత్తి మీద ఉంది, కంప్యూటరు చూస్తే ముసలి ఎద్దులా నడుస్తోంది. పేజ్‌మేకరు తెరిచి టీ తాగి రావచ్చు. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో ఉన్నాను. చిన్నాయన నా చదువుకు రెండేళ్ళు ఫీజు కట్టాడు. ఏదైనా చేయాలని ఎప్పటినుంచో ఉంది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కు కొన్నాను. అరచేతిలో పట్టే ఆ పెట్టెను సంక్రాంతి కానుకలా బట్టల సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

కనుమ నాటి సాయంత్రం దుకాణంలో కూర్చున్నాను. బజారు మూసి ఉంది. ఆ రోజుల్లోనే ఏటా పస్తాపూరు చుట్టుపక్కల పాత పంటల జాతర బండ్లు కదులుతాయి. కొర్రలు, సామలు, జొన్నలు, పెసలు మట్టి కుండల్లో, బుట్టల్లో పెట్టి, ఎద్దుల బండ్లు కట్టి ఊరూరా తిప్పుతారు. ఆ ఊళ్ళ ఆడవాళ్ళు విత్తనాన్ని బూడిద కలిపి, వేపాకు వేసి దాస్తారు. తమ సంఘం నుంచి ఒక కొలత విత్తనం తీసుకున్నామె పంట వచ్చాక రెండు కొలతలు తిరిగి పోస్తుంది. అట్లా ఒక్క గింజ పది ఇళ్ళలో బతుకుతుంది. ఒక ఇంట్లో పురుగు పట్టినా ఇంకో ఇంట్లో ఉంటుంది. ఆ ఊళ్ళ పక్కనే పెరిగాను. ఇంజినీరింగు చదివాను. విత్తనం ఒక్కచోట ఉంచకూడదని అక్కడి ముసలమ్మలకు తెలిసినంత నాకు ఆ సాయంత్రం తెలియలేదు.

పాత హార్డ్ డిస్కు 320 జీబీది. దానిలో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీకి ఎక్కించాను. క్లోన్ చక్కగా అయింది. ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. డిస్కుతో మాట్లాడే పద్ధతులు రెండున్నాయి. పాతది ఐడీఈ, కొత్తది ఏహెచ్‌సీఐ. చిన్నాయన యంత్రం మొదటి నుంచీ పాత పద్ధతిలోనే ఉంది, దాని పుట్టు అమరికే అది. ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం అందుకోవాలంటే కొత్త పద్ధతి కావాలి. విండోస్ సెవెన్‌లో పాత పద్ధతి డ్రైవరును ఆపి, కొత్తదాని డ్రైవరు ముందుగా చూపించి, యంత్రం మూల అమరికలుండే బయాస్‌లోకి వెళ్ళి ఐడీఈ తీసి ఏహెచ్‌సీఐ పెట్టాను. సేవ్ చేశాను. ఆరుసార్లు రీస్టార్ట్ చేశాను. ఆరుసార్లూ చిటికెలో తెరుచుకుంది. పేజ్‌మేకరు అట్లా నొక్కితే ఇట్లా వచ్చింది. చిన్నాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని తెర వైపు వంగి, చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

మొదట కరెంటు తీగ పీకి మళ్ళీ పెట్టినప్పుడు ఆ రెండు తెల్లటి వరసలు నాకూ కనిపించాయి. "ఇదేంది చిన్నాయనా?" అన్నాను.

"గది రోజూ వచ్చేదే బిడ్డా. ఎఫ్ వన్ ఒత్తితె పోతది."

బ్యాటరీ పోయిందని నాకు తెలుసు. వాచీ దుకాణం కనుమకు మూసి ఉంది. మళ్ళీ వచ్చినప్పుడు తెద్దాంలే అనుకున్నాను. తేదీ ఒక్కటే కదా తప్పేది అనుకున్నాను. నేను పది నిమిషాల కింద మార్చిన అమరిక కూడా ఆ బ్యాటరీ మీదే ఆధారపడి ఉందని, ఆరుసార్లూ అది నిలిచింది గోడలోంచి కరెంటు అందుతున్నందుకేనని, రాత్రి చిన్నాయన మెయిన్ ఆపగానే అది ఐడీఈకి వెళ్ళిపోతుందని తట్టలేదు. ఆ ముక్కలన్నీ విడివిడిగా నాకు తెలిసినవే. ఒకదాని పక్కన ఒకటి పెట్టుకోలేదు.

బయల్దేరేముందు పాత డిస్కు బల్ల మీద ఉంది. "దీన్నేం జెయ్యాలె?" అని అడిగాడు చిన్నాయన. "ఇక దీంతో పనిలేదు" అన్నాను. మూడు మాటలు. ఒక కవరులో చుట్టి, మీద తేదీ రాసి, బీరువాలో పెట్టు చిన్నాయనా అని ఉంటే, ఇవాళ ఈ పేజీ రాసే పని ఉండేది కాదు.

మర్నాడు పొద్దున పదింటికి ఫోను. ఆఫీసులో ఉన్నాను. యంత్రం విండోస్ గుర్తు దాకా వచ్చి, నీలం తెర మెరిసి, మళ్ళీ మొదటికి పోతోంది. ఎఫ్ ఎయిట్ నొక్కించి, ఆ తెర ఆగేటట్టు చేయించి, ఏం రాసి ఉందో చదవమన్నాను. పాత కంపోజిటరు. ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చదివాడు. "సున్న, ఎక్స్, ఆ తర్వాత సున్నలు... ఆగు... ఆరు సున్నలు, ఏడు, బి."

7బి అంటే బూట్ అయ్యే డిస్కు విండోస్‌కు అందడం లేదని. డిస్కు ఉంది. అందులో ప్రతి అక్షరమూ ఉంది. విండోస్ నిన్న నేర్చుకున్న పద్ధతిలో పిలుస్తోంది, బోర్డు పాత పద్ధతిలో పలుకుతోంది. ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరికి ఒకరి భాష ఒకరికి తెలియకుండా పోయింది. మూడు భాషలను ఒక్క కాగితం మీద కలిపిన ఆయన దుకాణంలో ఇట్లా జరిగింది.

నేను అడగవలసింది ఒక్కటే: నీలం తెరకు ముందు ఏం వచ్చింది? అడగలేదు. ఆయన చెప్పలేదు, రోజూ వచ్చేది ఎవరు చెప్తారు? నా అనుమానం కొత్త డిస్కు మీదికి పోయింది. ఎస్‌ఎస్‌డీల గురించి చదివినవన్నీ బుర్రలో తిరిగాయి. 2011లో ఇంటెల్ 320 డిస్కులు కొన్ని కరెంటు పోగానే తమ పరిమాణం 8 ఎంబీ అని చెప్పి, ఉన్నదంతా అందకుండా చేశాయి. క్రూషియల్ ఎం4 డిస్కులు 5,184 గంటలు నడిచాక గంటకోసారి కుప్పకూలేవి, 2012 జనవరిలో కొత్త ఫర్మ్‌వేరు ఇచ్చి ఆ దోషం సరిచేశారు. అవి నిజంగా జరిగినవే. కానీ మా బల్ల మీది డిస్కుకు ఏ రోగమూ లేదు. ఎక్కడో జరిగినవన్నీ గుర్తొచ్చాయి, నా కళ్ళ ముందు నిన్న కనిపించిన రెండు వరసలు గుర్తు రాలేదు.

స్టార్టప్ రిపేర్ నడిపించాను. బాగుచేయలేనని చెప్పి ఊరుకుంది. సీజను. బల్ల మీద ప్రూఫ్ చూపించవలసిన కార్డులు పేరుకుపోయాయి. పొద్దున ఒకాయన వచ్చి అడ్వాన్సు వెనక్కి తీసుకుపోయాడు. రెండో రోజు బజారులో రిపేర్లు చేసే కుర్రవాడిని పిలిపించాను. పాపం, వాడు చేతనైన పిల్లవాడు. అన్నీ చూసి నాకు ఫోను చేశాడు. "అన్నా, బయాస్‌ల ఐడీఈ ఉన్నది. మార్చి చూడాల్నా?"

అప్పుడు మీటింగులోకి వెళ్తున్నాను. "సెట్టింగులు నేనే చూసి పెట్టిన తమ్మీ. అవి ముట్టకు" అన్నాను.

ఈ మాట దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. వాడు తలుపు దగ్గరికి వచ్చి, గడియ మీద చెయ్యి వేసి అడిగాడు. ఊ అని ఉంటే ఐదు నిమిషాల్లో దుకాణం తెరుచుకునేది. నా పని మీద నాకున్న నమ్మకం వాడి కళ్ళ కన్నా పెద్దదైంది. "పార్టిషన్లన్నీ తీసేసి, ఫార్మాట్ కొట్టి, విండోస్ కొత్తగా వెయ్యి. ఫైళ్ళు పాత డిస్కుల భద్రంగ ఉన్నయి" అన్నాను.

ఫోను చిన్నాయన తీసుకున్నాడు. "నా మ్యాటర్లు పోవు గద బిడ్డా?"

"పోవు చిన్నాయనా. నేను పైవారం ఆదివారం వచ్చి అన్నీ ఎక్కిస్తా."

పాత హార్డ్ డిస్కు మీద తుడిచినది వెంటనే పోదు. పట్టికలో పేరు కొట్టేస్తారంతే, దాని మీద ఇంకొకటి రాసేదాకా అసలు రాత కింద ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ అట్లా కాదు. ఫార్మాట్ చేయగానే విండోస్ ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది, ఈ గదులు ఇక అక్కర లేదని. డిస్కు తీరిక దొరికినప్పుడు వాటిని నిజంగానే ఖాళీ చేసేస్తుంది. తరువాత అడిగితే సున్నాలు తప్ప ఏమీ రావు. విండోస్ ఈసారి ఐడీఈలోనే పడింది కనుక మర్నాటి నుంచి యంత్రం ప్రతి పొద్దునా చక్కగా లేచింది. రోగం కుదిరిందని అందరం అనుకున్నాం.

ఆదివారం, జనవరి 27న, మొదటి బస్సుకే వెళ్ళాను. వాచీ దుకాణంలో బ్యాటరీ కూడా కొన్నాను, ఈసారి మరిచిపోలేదు. "పాత డిస్కు ఇయ్యి చిన్నాయనా" అన్నాను.

ఆయన ముఖం చూశాను. "పనిలేదన్నవు గద?"

పక్కన టైర్ల దుకాణం ఆయన సీసీ కెమెరాలు కొత్తగా పెట్టించుకున్నాడట. రికార్డింగు పెట్టెకు డిస్కు కావాలంటే, ఊరికే పడి ఉందని చిన్నాయన ఇచ్చాడట, నేను వెళ్ళిన మర్నాడే. ఆ పెట్టెలు డిస్కు పెట్టగానే ఫార్మాట్ చేసుకుంటాయి. ఆ తరువాత రాత్రీ పగలూ రాస్తూనే ఉంటాయి. నిండితే మొదటికి వచ్చి మళ్ళీ రాస్తాయి. నేను వెళ్ళేసరికి టైర్ల దుకాణంలో చిన్న తెర మీద నాలుగు గడుల్లో నాలుగు బొమ్మలు కదులుతున్నాయి. ఒక గడిలో హైవే. లారీ ఒకటి పోయింది. ఒక కుక్క రోడ్డు దాటింది. తరువాత ఏమీ లేదు, ఎండ పడుతున్న ఖాళీ రోడ్డు. ఇరవై ఏళ్ళ పెళ్ళిళ్ళ మీద, తాతల పేర్ల మీద, పదిరోజులుగా ఆ ఖాళీ రోడ్డు రాసుకుంటూ పోతోంది. పాతది ఉందని కొత్తదాన్ని తుడిపించాను. కొత్తది ఉందని పాతదానితో పనిలేదన్నాను.

రెండు డిస్కులూ హైదరాబాదులో డేటా తీసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎస్‌ఎస్‌డీలో ఏమీ లేదు. పాతదానిలోంచి కొన్ని బొమ్మలు బయటపడ్డాయి. వినాయకుడు, పూర్ణకుంభం, అరటిచెట్ల పందిరి, ఒక నెలవంక, సన్నాయి ఊదుతున్న మనిషి. కార్డుల మీద అలంకరణకు వాడినవి. పేర్లు ఒక్కటీ రాలేదు.

చిన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీ బిడ్డా, నువ్వు కావాలని చేసినవా" అన్నాడు. ఆ మాఘమంతా ప్రతి కార్డూ మొదటి అక్షరం నుంచి కొట్టుకున్నాడు. వేసవి వచ్చాక ఒక ముస్లిం యువతి వచ్చి, వానకు ఇల్లు కారి తన పెళ్ళి రుఖా తడిసి ముద్దయిందని, ఇంకొకటి తీసిమ్మని అడిగింది. భర్త గల్ఫ్ పోయి అక్కడే పోయాడట. చిన్నాయన ఇన్‌పేజ్ తెరిచి జ్ఞాపకం మీద కొట్టడం మొదలుపెట్టాడు. పెళ్ళికొడుకు పేరు, తండ్రి పేరు, ఊరు, ఫంక్షన్ హాలు. తాత పేరు దగ్గర చేతులు ఆగాయి. ఆమెకూ గుర్తు లేదు. ఇద్దరూ ఆ ఖాళీ జాగా వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నారట. పిన్ని చెప్పింది ఈ సంగతి, ఆయన చెప్పలేదు.

మరుసటి ఏడు కరోనా వచ్చింది. పెళ్ళిళ్ళు యాభై మందితో అయిపోయాయి, కార్డులు వాట్సాప్‌లో బొమ్మలయ్యాయి. ఎట్లాగూ మూతపడేదే అని బంధువులు నన్ను ఓదారుస్తారు. కావచ్చు. కానీ పాత కార్డుల కోసమైనా జనం వచ్చేవాళ్ళు. ఆ డిస్కు నిండా ఊరు ఉండేది. 2020 చివర్లో మడిగె ఖాళీ చేశాడు.

కంప్యూటరు మా ఇంటికి వచ్చింది. బ్యాటరీ అప్పుడు కొన్నదే, నా సంచిలో అట్లే ఉండిపోయింది. పోయిన ఉగాదికి చిన్నాయన ఇంటికి వస్తే, ఆయన ముందే పెట్టె విప్పి పాత బిళ్ళ తీసి కొత్తది వేశాను. బయాస్‌లో తేదీ ఒకసారి సరిచేసి సేవ్ చేశాక, గోడ స్విచ్చి ఆపి, కాసేపు ఆగి, మళ్ళీ వేశాను. ఆయన కుర్చీలో కూర్చుని మీట నొక్కాడు. వేలు అలవాటుగా ఎఫ్ వన్ మీదికి వెళ్ళి అక్కడే నిలిచింది. తెల్లటి వరసలు రాలేదు. విండోస్ నేరుగా తెరుచుకుంది. కింద కుడి మూలన ఆ రోజు తేదీ సరిగ్గా ఉంది.

పాత బ్యాటరీ నా చేతిలోంచి తీసుకుని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. ప్రెస్సు రోజుల్లో సీసపు అక్షరాన్ని చూసినట్టే, కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"గింతేనా?" అన్నాడు.